కుక్కల చెవి ఇన్ఫెక్షన్లు: తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తాయి?

క్లుప్తంగా

కుక్కల చెవి ఇన్ఫెక్షన్ చాలా సందర్భాల్లో దానంతటదే మొదలయ్యే జబ్బు కాదు. అలర్జీ, మైట్లు అనే అతిచిన్న పురుగులు, చెవిలో ఇరుక్కున్న గడ్డి ముక్క వంటి మరో కారణం ముందుగా చెవి లోపలి చర్మాన్ని దెబ్బతీస్తుంది. అక్కడ ఎప్పుడూ కొద్దికొద్దిగా ఉండే ఈస్ట్ అనే శిలీంధ్రం, బ్యాక్టీరియా అదే అదనుగా పెరుగుతాయి. చుక్కల మందు ఆ పెరుగుదలను అణచగలదు గానీ మొదటి కారణాన్ని తొలగించలేదు. ఏ క్రిమి పెరిగిందో మైక్రోస్కోపు కింద చూడటం, కర్ణభేరి పరిస్థితి తెలుసుకోవడం, చెవి తగ్గిన తర్వాత కూడా అసలు కారణాన్ని వెతకడం: ఈ మూడింటిలో ఏది లోపించినా జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

కుక్క తల విదిలిస్తుంది, చెవి గోక్కుంటుంది, దగ్గరకు వస్తే చెడు వాసన వస్తుంది. పశువైద్యుడు చుక్కల మందు రాస్తారు. వారం తిరిగేసరికి అంతా సర్దుకుంటుంది. రెండు మూడు నెలలకు మళ్లీ అదే చెవి, అదే వాసన. మందు సరిగా పని చేయలేదా, శుభ్రం చేయడంలో లోపం జరిగిందా, లేక ఆ జాతి కుక్కలకు ఇది తప్పదా అన్న సందేహాలు ఇక్కడే మొదలవుతాయి.

ఈ సమస్య అరుదైనదేమీ కాదు. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2016లో పశువైద్యశాలల పరిధిలో ఉన్న 22,333 కుక్కల రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ ఒక్క ఏడాదిలో 7.3 శాతం కుక్కలకు చెవి బయటి నాళంలో వాపు వచ్చింది. ఇంత మామూలు జబ్బు ఇన్నిసార్లు తిరగబెట్టడానికి కారణం చాలావరకు కుక్క చెవి నిర్మాణంలోనూ, దాన్ని కప్పి ఉండే చర్మంలోనూ దొరుకుతుంది.

మలుపు తిరిగిన నాళం

మనిషి చెవి నాళం పొట్టిగా, దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్క చెవి నాళం ముందు నిలువుగా కిందికి దిగి, ఆ తర్వాత ఒక్కసారిగా తల లోపలి వైపు మలుపు తిరిగి, అడ్డంగా సాగి కర్ణభేరి దగ్గర ముగుస్తుంది. కుక్క పరిమాణాన్ని బట్టి దీని పొడవు సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. బయటి నుంచి చెవి డొప్ప ఎత్తి చూసినప్పుడు కనిపించేది నిలువు భాగపు పై అంచు మాత్రమే. జబ్బు ముదిరే చోటు మలుపు అవతల ఉంటుంది కాబట్టి, పైకి శుభ్రంగా కనిపించే చెవి లోపల చీముతో నిండి ఉండటం అసాధారణం కాదు.

ఈ నాళం పొడవునా ఉన్నది చర్మమే. దానికి వెంట్రుకలు, నూనె గ్రంథులు, గులిమి తయారుచేసే గ్రంథులు అన్నీ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న చెవికి తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు కూడా ఉంది: చర్మపు పైపొర కణాలు కర్ణభేరి దగ్గర నుంచి నెమ్మదిగా బయటి వైపు జరుగుతూ, గులిమిని, రాలిన కణాలను తమతో పాటు మోసుకొస్తాయి. వాపు మొదలైన వెంటనే ఈ కదలిక మందగిస్తుంది. అదే సమయంలో గ్రంథులు మరింత స్రావాన్ని ఊరిస్తాయి, వాచిన చర్మం నాళాన్ని ఇరుకు చేస్తుంది, లోపల తేమ, వెచ్చదనం పెరుగుతాయి. ఈస్ట్‌కూ బ్యాక్టీరియాకూ ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అవి పెరిగితే వాపు ఇంకా పెరుగుతుంది, నాళం ఇంకా ఇరుకవుతుంది. మొదటి కారణం ఏదైనా, ఒక దశ దాటాక ఈ వలయం తన బలంతో తానే తిరుగుతుంది.

మొదటి దెబ్బ ఎవరిది

పదే పదే వచ్చే చెవి సమస్యల వెనుక అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది అలర్జీ. గాలిలోని పుప్పొడి, ఇంటి దుమ్ములో ఉండే మైట్ల వంటివాటికి శరీరం అతిగా స్పందించే అటోపిక్ డెర్మటైటిస్ ఒక రకం. ఆహారంలోని ఏదో ఒక ప్రోటీన్ పడకపోవడం మరో రకం. చెవి నాళం కూడా చర్మమే కాబట్టి, ఒంటి మీద దురద పుట్టించే జబ్బు అక్కడా అదే పని చేస్తుంది. కొన్ని కుక్కల్లో అయితే అలర్జీకి బయటికి కనిపించే ఒకే ఒక్క గుర్తు చెవి బాధ. వేరే లక్షణాలు లేవు కాబట్టి అలర్జీ కాదు అనుకోవడానికి వీల్లేకుండా చేసే విషయం ఇదే. రెండు చెవులూ బాధపడుతుంటే, దానితో పాటు కుక్క పాదాలు నాకుకుంటుంటే, చంకల్లోనూ పొట్ట కిందా ఎర్రబడుతుంటే, లేదా ఏటా ఒకే కాలంలో సమస్య వస్తుంటే అనుమానం అలర్జీ మీదికే వెళ్లాలి.

చెవి మైట్ల సంగతి వేరు. ఓటోడెక్టిస్ సైనోటిస్ అనే ఈ చిన్న పరాన్నజీవి ఎక్కువగా కుక్కపిల్లల్లో కనిపిస్తుంది. చెవి నిండా కాఫీ పొడిలా నల్లగా, పొడిపొడిగా ఉండే గులిమి, విపరీతమైన దురద దీని గుర్తులు. ఇది ఒక జంతువు నుంచి మరో జంతువుకు తేలిగ్గా పాకుతుంది కాబట్టి ఇంట్లో ఉన్న కుక్కలకూ పిల్లులకూ అన్నిటికీ ఒకేసారి చికిత్స చేయాలి. పెద్ద కుక్కల్లో, ముఖ్యంగా క్రమం తప్పకుండా పరాన్నజీవుల మందు వాడుతున్న కుక్కల్లో, ఇది అంత తరచుగా కనిపించదు. అయినా చెవి నల్లబడగానే మైట్ల మందు కొనుక్కొచ్చి వేసే అలవాటు బాగా పాతుకుపోయింది. ఈస్ట్ పెరిగిన చెవిలోనూ గులిమి ముదురు గోధుమ రంగులోనే ఉంటుందన్న సంగతి ఆ తొందరలో మరుగున పడుతుంది.

బయట తిరిగి వచ్చిన కుక్క ఉన్నట్టుండి ఒకే చెవిని పట్టుకుని తల విదిలించడం మొదలుపెడితే, లోపల గడ్డి కంకి ముక్క ఇరుక్కుని ఉండవచ్చు. వీటికి ఉండే నూగు వెనక్కి రానివ్వదు. కుక్క తల ఆడించిన కొద్దీ ముక్క లోపలికే జరుగుతుంది, కొన్నిసార్లు కర్ణభేరిని చీల్చుతుంది. పెద్ద వయసు కుక్కలో ఒకే చెవి వదలకుండా బాధిస్తుంటే నాళంలో కణితి లేదా పాలిప్ (మెత్తటి కండ పెరుగుదల) ఉందేమో చూడాల్సి ఉంటుంది. థైరాయిడ్ హార్మోను తక్కువ కావడం వంటివి చర్మపు పొరల తీరును మార్చి చెవి జబ్బుకు దారి తీయడమూ ఉంది.

వేలాడే చెవుల పాత్ర ఎంత

వేలాడే చెవులే అసలు దోషులన్న నమ్మకం బలంగా ఉంది. అందులో కొంత నిజం ఉంది, కానీ కొంతే. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో నిటారు చెవుల కుక్కలతో పోలిస్తే వేలాడే చెవుల కుక్కలకు ఈ జబ్బు అవకాశం 1.76 రెట్లు ఉన్నట్టు తేలింది. జాతుల వారీగా చూస్తే తేడా ఇంతకంటే చాలా ఎక్కువ. సంకర జాతి కుక్కలతో పోల్చినప్పుడు బాసెట్ హౌండ్‌కు 5.87 రెట్లు, చైనీస్ షార్పేకు 3.44 రెట్లు, లాబ్రడూడుల్‌కు 2.95 రెట్లు, బీగిల్‌కు 2.54 రెట్లు, గోల్డెన్ రిట్రీవర్‌కు 2.23 రెట్లు. షివావా, బోర్డర్ కోలీ వంటి జాతుల్లో అవకాశం సగటు కంటే తక్కువ. షార్పే చెవులు పెద్దగా వేలాడేవి కావు. చిన్నగా, ముందుకు మడిచినట్టు ఉంటాయి. దాని నాళం పుట్టుకతోనే ఇరుకు, పైగా చర్మ సమస్యలు ఆ జాతిలో ఎక్కువ. కాకర్ స్పానియల్‌లో గులిమి గ్రంథులే అధికం. అంటే చెవి డొప్ప ఆకారంతో పాటు నాళం వెడల్పు, గ్రంథుల సంఖ్య, అలర్జీ వచ్చే స్వభావం అన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వేలాడే చెవి తేమను ఆపి జబ్బుకు తోడ్పడుతుంది. అది ఒక్కటే జబ్బును పుట్టించడం తక్కువ.

ఈతకు వెళ్లే కుక్కల్లో నాళంలో నిలిచే నీరు, పూడిల్ వంటి జాతుల్లో నాళంలో దట్టంగా పెరిగే వెంట్రుకలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. బాగున్న చెవిలో వెంట్రుకలను అలవాటుగా పీకడం వల్ల చర్మం రేగి, లేని వాపు మొదలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఇబ్బంది ఉన్నప్పుడే ఆ పని చేయడం మంచిది.

పెరిగేవి ఏవి

కుక్క చెవిలో ఎక్కువగా కనిపించే ఈస్ట్ పేరు మలసీజియా పాకీడెర్మాటిస్. ఆరోగ్యంగా ఉన్న చెవిలోనూ ఇది కొద్దిగా ఉంటుంది. పెరిగినప్పుడు జిడ్డుగా, గోధుమ రంగులో ఉండే గులిమి, పులిసిన వాసన, తీవ్రమైన దురద కనిపిస్తాయి. బ్యాక్టీరియాలో స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ తరచుగా కనిపించేది. మైక్రోస్కోపులో గుండ్రటి చుక్కల్లా ఉంటుంది. వైద్యులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కడ్డీ ఆకారంలో ఉండే సూడోమోనాస్ ఎరుగినోసా. ఇది చేరిన చెవిలో పల్చటి పసుపు లేదా పచ్చని చీము, లోపల పుండ్లు, చెయ్యి తగలనివ్వనంత నొప్పి ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లకు ఇది లొంగదు. పైగా తన చుట్టూ బయోఫిల్మ్ అనే జిగట పొరను అల్లుకుని మందు లోపలికి చేరకుండా అడ్డుకుంటుంది. తొలిసారి జబ్బుపడిన చెవిలో సూడోమోనాస్ అంతగా కనిపించదు. ఎన్నోసార్లు మందులు పడిన చెవిలోనే అది తిష్ట వేస్తుంది.

గుర్తుపట్టడం

ముందుగా కనిపించేవి చిన్న మార్పులు. తల పదే పదే విదిలించడం, చెవిని నేలకో సోఫా అంచుకో రుద్దుకోవడం, ఇంతకుముందు చెవి నిమిరితే ఆనందించే కుక్క ఇప్పుడు తల పక్కకు తిప్పుకోవడం వంటివి. ఈ దశలో రెండు చెవులనూ పక్కపక్కన పోల్చి చూడటం చాలా ఉపయోగపడుతుంది. డొప్ప ఎత్తి లోపలి చర్మం రంగు చూడాలి: బాగున్న చెవిలో లేత గులాబీ రంగు, జబ్బుపడిన చెవిలో ఎరుపు. ఆ తర్వాత వాసన. ఆరోగ్యకరమైన చెవికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. చెవి మొదట్లో, దవడ ఎముక వెనుక వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు నాళం మెత్తగా, కదిలేలా తగలాలి. అక్కడ తడి చప్పుడు వస్తే లోపల ద్రవం ఉన్నట్టు. గట్టిగా, గొట్టంలా తగిలితే జబ్బు చాలాకాలంగా ఉన్నట్టు.

చీము రంగును బట్టి క్రిమిని ఊహించవచ్చు గానీ నిర్ధారించలేం. ఒకే చెవిలో ఈస్ట్, రెండు మూడు రకాల బ్యాక్టీరియా కలిసి ఉండటం మామూలే.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. తల ఒక పక్కకు వాల్చి ఉంచడం, తూలుతూ నడవడం, కనుగుడ్లు అదేపనిగా అటూ ఇటూ కదలడం లోపలి చెవి దెబ్బతిన్న సూచనలు. నోరు తెరిచేటప్పుడు లేదా గట్టి ఆహారం నమిలేటప్పుడు నొప్పి, ఒక వైపు పెదవి జారిపోవడం, ఒక కంటి రెప్ప వాలిపోవడం మధ్య చెవి వైపు వేలు చూపిస్తాయి. ముఖానికి, కంటికి వెళ్లే నరాలు ఆ పక్కనుంచే సాగుతాయి. చెవి డొప్ప హఠాత్తుగా ఉబ్బి దిండులా మెత్తగా తయారైతే, తల విదిలించిన తాకిడికి లోపల రక్తనాళం చిట్లి రక్తం చేరినట్టు. ఆ రక్తాన్ని తీసేసినా, దురదకు కారణమైన చెవి జబ్బును వదిలేస్తే మళ్లీ ఉబ్బుతుంది.

పరీక్షలో తేలేది

వైద్యుడు ఓటోస్కోప్ అనే చెవి లోపల చూసే పరికరంతో నాళాన్ని, కర్ణభేరిని చూస్తారు. వాపు, నొప్పి ఎక్కువగా ఉంటే ముందు కొన్ని రోజులు స్టెరాయిడ్ ఇచ్చి, నాళం తెరుచుకున్నాక చూడటమో, మత్తు ఇచ్చి కడిగి చూడటమో జరుగుతుంది. దీనితో సమానంగా ముఖ్యమైనది సైటాలజీ. దూది పుల్లతో తీసిన స్రావాన్ని గాజు పలక మీద దొర్లించి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసే ఈ పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. ఈస్ట్ ఉందా, గుండ్రటి బ్యాక్టీరియానా, కడ్డీలా, తెల్ల రక్తకణాలు చేరాయా అన్నది అప్పటికప్పుడే తెలుస్తుంది, మందు ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. ఖర్చుకు, ఇచ్చే సమాచారానికి పోలిస్తే చెవి వైద్యంలో ఇంతకంటే లాభదాయకమైన పరీక్ష లేదు. వదిలేసేదీ ఎక్కువగా దీన్నే.

ప్రయోగశాలలో క్రిములను పెంచి, ఏ మందుకు లొంగుతాయో చూసే కల్చర్ పరీక్ష ప్రతి చెవికీ అక్కర్లేదు. రక్తంలో చేరే మందు మోతాదును దృష్టిలో పెట్టుకుని ఆ ఫలితాలను లెక్కిస్తారు. చెవిలో నేరుగా వేసే చుక్కల్లో మందు సాంద్రత దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే నివేదికలో లొంగదని రాసిన మందు కూడా చెవిలో పని చేయడం కనిపిస్తుంది. చికిత్సకు స్పందించని చెవి, మైక్రోస్కోపులో కడ్డీలు కనిపించిన చెవి, మధ్య చెవికి పాకిన జబ్బు: కల్చర్ విలువ ప్రధానంగా వీటిలో.

చుక్కల మందు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

ఎక్కువగా వాడే చెవి మందుల్లో మూడు రకాల ఔషధాలు కలిసి ఉంటాయి: బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్, ఈస్ట్‌కు యాంటీఫంగల్, వాపుకు స్టెరాయిడ్. తిరగబెట్టే జబ్బులోని చిక్కుముడి ఈ కలయికలోనే ఉంది. మొదటి రెండూ పెరిగిన క్రిములను తగ్గిస్తాయి. మూడోది, క్రిములతో సంబంధం లేకుండా, అలర్జీ వల్ల వచ్చిన వాపునూ దురదనూ కూడా అణచివేస్తుంది. మందు వాడినంత కాలం కుక్క హాయిగా ఉంటుంది. ఆపిన కొన్ని వారాలకు స్టెరాయిడ్ ప్రభావం పోతుంది, కింద ఉన్న అలర్జీ మళ్లీ చర్మాన్ని ఎర్రబరుస్తుంది, దాని వెంటే ఈస్ట్ పెరుగుతుంది. మందు పని చేయలేదన్న భావన కలిగేది ఇక్కడే. నిజానికి అది తన పని తాను చేసింది. ప్రతిసారీ కొత్త యాంటీబయాటిక్‌కు మారుతూ పోతే అలర్జీ అలాగే ఉండిపోతుంది, లొంగని క్రిములు మాత్రం ఒక్కొక్కటిగా మిగులుతాయి.

రెండో లోపం మధ్యలో ఆపేయడం. వాసన, దురద తగ్గడం మొదటి కొన్ని రోజుల్లోనే జరుగుతుంది, కానీ నాళం లోతుల్లో క్రిములు ఇంకా ఉంటాయి. సాధారణ జబ్బుకు కూడా ఒకటి నుంచి రెండు వారాల చికిత్స, సూడోమోనాస్ వంటివాటికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది మళ్లీ చేసిన సైటాలజీ.

శుభ్రం చేయడం కూడా చికిత్సలో భాగమే, ఎందుకంటే గులిమి, చీము నిండిన నాళంలో మందు చర్మానికి తగలదు. పైగా జెంటామైసిన్, పాలిమిక్సిన్ బి వంటి యాంటీబయాటిక్‌ల శక్తిని చీము తగ్గిస్తుంది. కుక్కల కోసం తయారైన క్లీనర్‌తో నాళాన్ని నింపి, చెవి మొదట్లో అర నిమిషం మెత్తగా మర్దించి, కుక్కను తల విదిలించనివ్వాలి. బయటికి వచ్చిన మురికిని దూదితో తుడవాలి. ఇయర్ బడ్‌ను లోపలికి దింపితే గులిమి మలుపు దాటి కర్ణభేరి మీదకు నెట్టుకుపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, వెనిగర్ వంటివి రేగిన చర్మాన్ని మండించి కొత్త పుండ్లు చేస్తాయి. నొప్పితో విలవిల్లాడుతున్న చెవిని ఇంట్లో కడగబోవడం కంటే ముందు వైద్యుడితో నొప్పి తగ్గించుకోవడం మేలు. అసలు జబ్బే లేని చెవిని పదే పదే కడిగితే చర్మం నాని బలహీనపడుతుంది.

పాత సీసాలో మిగిలిన మందును, లేదా మనుషుల చెవి చుక్కలను వాడటంలో ఉన్న ప్రమాదం వేరు. కర్ణభేరి చిల్లుపడి ఉంటే మందు నేరుగా మధ్య చెవిలోకి, అక్కడి నుంచి లోపలి చెవికి చేరుతుంది. జెంటామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్‌లు, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ అక్కడ వినికిడినీ శరీర సమతుల్యాన్నీ దెబ్బతీయగలవు. చుక్కలు మొదలుపెట్టాక కుక్కకు వినికిడి మందగించినట్టు లేదా అది తూలుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుడికి చెప్పాలి. వైద్యశాలలోనే ఒక్కసారి వేసి, వారాల పాటు చెవిలో నిలిచి పని చేసే కొత్త మందులు రోజూ చుక్కలు వేయించుకోని కుక్కలకు వరం. అయితే వేసిన వెంటనే కుక్క తల విదిలిస్తే తుంపర దాని కంట్లో, పట్టుకున్నవారి కంట్లో పడి కార్నియాకు (కంటి ముందుండే పారదర్శక పొరకు) గాయం చేయవచ్చు కాబట్టి కళ్లను కాపాడుకోవాలి.

కారణం వెంట వెళ్లడం

చెవి సర్దుకున్న తర్వాత మొదలయ్యే పని ఇది, చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే. ఆహార అలర్జీని నిర్ధారించడానికి నమ్మదగిన రక్త పరీక్ష లేదు. కుక్క ఇంతకుముందు ఎన్నడూ తినని ప్రోటీన్‌ను, లేదా ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారాన్ని కనీసం 8 వారాలు, మరేదీ కలపకుండా పెట్టాలి. ఆపై పాత ఆహారం మళ్లీ ఇచ్చి బాధ తిరిగొస్తుందేమో చూడాలి. ఈ మధ్యలో ముద్దుగా అందించిన ఒక్క బిస్కెట్, రుచి కలిపిన ఒక్క నమిలే మాత్ర ఫలితాన్ని చెడగొడుతుంది. ఆహారం కారణం కాదని తేలితే అటోపిక్ డెర్మటైటిస్ వైపు వెళ్లాలి. దానికి దురదను అదుపు చేసే ఓక్లాసిటినిబ్, సైక్లోస్పోరిన్ వంటి మందులు, అలర్జీ కారకాలను కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉన్నాయి. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాల్సినది. అలాంటి కుక్కల చెవుల్లో ఇన్ఫెక్షన్ లేని రోజుల్లోనూ వారానికి ఒకటి రెండుసార్లు వైద్యుడు సూచించిన స్టెరాయిడ్ చుక్కలు వేసి, వాపు తల ఎత్తకుండా చూసే పద్ధతి ఇప్పుడు ఎక్కువగా అనుసరిస్తున్నారు.

నాళం మూసుకుపోతే

ఏళ్ల తరబడి వాపు కొనసాగిన చెవిలో చర్మం మందంగా, కాయకట్టినట్టు పెరుగుతుంది, గ్రంథులు ఉబ్బుతాయి, నాళం గోడల్లోని మృదులాస్థి సున్నం చేరి గట్టిపడుతుంది. కాకర్ స్పానియల్‌లో ఈ మార్పులు మరీ వేగంగా వస్తాయి. గట్టిపడక ముందు స్టెరాయిడ్‌లతో కొంత వెనక్కి మళ్లించవచ్చు, గట్టిపడ్డాక వీలుకాదు. అప్పుడు నాళాన్ని మొత్తంగా తొలగించి, మధ్య చెవి ఎముక గూటిని తెరిచి శుభ్రం చేసే పెద్ద శస్త్రచికిత్స ఒక్కటే మిగులుతుంది. ఆ చెవి వినికిడి చాలావరకు పోతుంది, ముఖ నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. అప్పటికే ఆ చెవి దాదాపుగా వినపడని స్థితికి చేరి ఉంటుంది కాబట్టి, నొప్పి పోవడంతో చాలా కుక్కలు ఆపరేషన్ తర్వాత మళ్లీ హుషారుగా తిరుగుతాయి. మూలకారణం అలర్జీ అయితే మాత్రం రెండో చెవికీ మిగతా చర్మానికీ చికిత్స అంతకుముందులాగే కొనసాగించాల్సి ఉంటుంది.